కొడుకు పెళ్ళికి ముందు బొటాక్స్ అడిగిన టీచర్ గారి కేస్: అప్పుడు ఎందుకు ఆగాం, తర్వాత ఎందుకు చేశాం

ఈ కేస్ రాయడానికి ఆవిడ పర్మిషన్ తీసుకున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, మెడికల్ విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నా. నేను విజయవాడలో స్కిన్ డాక్టర్ని. "ముడతలకి ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకోవాలి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, దానికి ఒక వయసు చెప్పేసి ఊరుకోలేం, ఈ కేస్ మొత్తం చదివితే ఎందుకో అర్థమవుతుంది.

పేషెంట్‌కి 49 ఏళ్ళు, హైస్కూల్లో లెక్కల టీచర్, రోజూ స్కూటీ మీదే వెళ్ళొస్తారు, థైరాయిడ్ టాబ్లెట్ ఒకటి వాడతారు, బీపీ షుగర్ లేవు, పీరియడ్స్ ఏడాదిగా అటూ ఇటూ అవుతున్నాయి. సంక్రాంతి సెలవుల్లో కూతుర్ని తీసుకుని వచ్చారు. కొడుకు పెళ్ళి మాఘమాసంలో, అంటే చేతిలో ఐదు వారాలుంది. కూర్చోగానే కూతురే మొదలుపెట్టింది, "డాక్టర్ గారూ, అమ్మకి నుదుటి మీద గీతలు, కనుబొమ్మల మధ్య గీతలు, కళ్ళ పక్కన గీతలు, అన్నీ పోవాలండీ, ఫోటోల్లో ఫ్రెష్‌గా కనపడాలి, బొటాక్స్ ఫిల్లర్ రెండూ కలిపి ప్యాకేజీ ఉంటుందట కదా" అని. ఆవిడేమో బ్యాగు జిప్పు లాగుతూ వేస్తూ కూర్చున్నారు తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు.

నేను ఇలాంటప్పుడు వెంట వచ్చినవాళ్ళని కాసేపు బయట కూర్చోమంటాను. ఆ అమ్మాయి మంచి ఉద్దేశంతోనే అడుగుతోంది, అందులో తప్పేం లేదు, కానీ సూది గుచ్చేది తల్లి మొహానికి కాబట్టి తల్లికి ఏం కావాలో తల్లి నోటితోనే వినాలి. తలుపు వేశాక అడిగా, "అమ్మా, మీకు అద్దంలో చూసుకుంటే ఏది ఇబ్బందిగా ఉంది?" అని. కాసేపు ఆలోచించి చెప్పారు, "నుదుటి గీతలు నాకేం బాధ లేదండీ, మా అమ్మకీ ఉండేవి. కానీ ఈ మధ్య పిల్లలు నా దగ్గరికి వచ్చి డౌట్లు అడగట్లేదు, మేడమ్ కోపంగా ఉన్నారు అనుకుంటున్నారట, స్టాఫ్ రూమ్‌లో కూడా ఏంటండీ తలనొప్పా అంటారు, నేను మామూలుగానే ఉంటాను." అంటే కూతురు చెప్పిన మూడు చోట్లలో తల్లిని నిజంగా బాధపెడుతున్నది ఒక్కటే, కనుబొమ్మల మధ్య.

మొహం అంటే పట్టరాని దిగులు ఉందా, గంటలు గంటలు అద్దం ముందు గడుపుతున్నారా, ఇంతకుముందు ఏవైనా ట్రీట్‌మెంట్లు చేయించుకుని తృప్తి లేక ఇంకో చోటికి తిరుగుతున్నారా, ఇవి కూడా అడుగుతాను. అలా ఉంటే ఇంజెక్షన్ వల్ల ఆ బాధ తగ్గదు, వాళ్ళని ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి. ఈవిడకి అలాంటిదేం లేదు.

ఇక పరీక్ష. నేను ముందు మొహాన్ని ఏ కదలికా లేకుండా చూస్తా, తర్వాత కదిలిస్తూ చూస్తా. గీతలు రెండు రకాలు. కోపంగా చూడమంటే, నవ్వమంటే, ఆశ్చర్యపోమంటే వచ్చి మళ్ళీ పోయేవి ఒక రకం, అవి కండరం లాగడం వల్ల చర్మం మడత పడి వచ్చేవి. మొహం వదులుగా ఉన్నా అలాగే నిలిచిపోయేవి రెండో రకం, ఏళ్ళ తరబడి అదే చోట మడతపడి, దానికి ఎండ తోడై, లోపల చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తగ్గి అచ్చుపడినవి. బొటాక్స్ పనిచేసేది కండరం మీద కాబట్టి మొదటి రకానికి బాగా పనిచేస్తుంది, రెండో రకాన్ని కొంత తేలిక చేస్తుంది గానీ పూర్తిగా తుడిచెయ్యదు. బుగ్గలు జారడం, ముక్కు పక్కనుంచి నోటి దాకా వచ్చే మడత, నల్లబడటం, వీటికీ బొటాక్స్‌కీ సంబంధం లేదు, చాలామందికి ఈ తేడా ఎవరూ చెప్పరు, డబ్బు పెట్టాక తెలుస్తుంది.

ఆవిడకి కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు, 11 అంకె వేసినట్టు, మొహం వదులుగా ఉన్నప్పుడు కూడా సన్నగా కనిపిస్తున్నాయి, కోపంగా చూడమంటే బాగా లోతుగా పడుతున్నాయి. నుదుటి మీద అడ్డగీతలు మూడు. కళ్ళ పక్కన నవ్వితేనే వస్తున్నాయి. రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు, వాటికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ ఒకటి అప్పుడప్పుడు రాస్తున్నారు, ట్యూబ్ ఫోటో చూపించమంటే చూపించారు, అందులో స్టెరాయిడ్ ఉంది. సన్‌స్క్రీన్ ఎప్పుడూ రాయలేదు, "స్కార్ఫ్ కట్టుకుంటాను కదండీ" అన్నారు, కానీ స్కార్ఫ్ కట్టేది ముక్కు నుంచి కిందకి, కళ్ళూ నుదురూ ఎండకే.

ఈ కేస్ మలుపు తిరిగింది ఆ తర్వాత. హిస్టరీ ఫారం ఇచ్చి చదివి సంతకం పెట్టమన్నా. ఆవిడ కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకున్నారు, తల కొంచెం వెనక్కి వంచారు, కళ్ళు చిట్లించారు, ఆ చిట్లించడంలో రెండు కనుబొమ్మలూ దగ్గరికొచ్చి ఆ నిలువు గీతలు ఠక్కున లోతుగా పడ్డాయి, చదివినంతసేపూ అలాగే ఉన్నాయి. "అద్దాలు లేవా అమ్మా" అంటే బ్యాగులోంచి తీశారు, ఎప్పుడో మూడేళ్ళ కింద పవర్ చూపించుకోకుండా కొనుక్కున్నవి, అవి కూడా పెట్టుకోరు, చత్వారం అద్దాలు పెట్టుకుంటే పెద్దదానిలా కనపడతానని. రోజూ రాత్రి రెండు గంటలు పేపర్లు దిద్దుతారు, అద్దాలు లేకుండా. సాయంత్రానికి నుదుటి మీద నొప్పి వస్తుంది, దానికి బామ్ రాసుకుంటారు. నలభై దాటిన వాళ్ళు ముడతల కోసం వస్తే దగ్గర చూపు అడగకుండా నేను ముందుకి వెళ్ళను, ఎందుకంటే చూపు సరిచెయ్యకుండా ఆ కండరాన్ని కట్టేస్తే మూడు నాలుగు నెలల్లో మందు దిగిపోయాక అదే చిట్లింపు, అదే గీత.

రెండో విషయం నుదుటి గీతలు. ఇది చాలా ముఖ్యం కాబట్టి వివరంగా చెప్తా. ఆవిడ పై రెప్పల మీద చర్మం కొంచెం బరువుగా వాలి ఉంది. కళ్ళు మూసుకుని నుదురు పూర్తిగా వదిలెయ్యమన్నా, నా బొటనవేళ్ళతో కనుబొమ్మలు పైకి లేవకుండా మెల్లగా పట్టుకుని ఇప్పుడు కళ్ళు తెరవమన్నా. "పైన ఏదో కప్పేసినట్టుంది డాక్టర్ గారూ" అన్నారు. వేళ్ళు తీయగానే నుదుటి కండరం కనుబొమ్మల్ని పైకి లాగింది, చూపు క్లియర్ అయింది, ఆ మూడు అడ్డగీతలూ తిరిగొచ్చాయి. అంటే ఆ గీతలు ఊరికే పడలేదు, వాలిన రెప్పల్ని పైకి ఎత్తి పెట్టడానికి ఆ కండరం రోజంతా పనిచేస్తోంది. దానికి బొటాక్స్ వేస్తే నుదురు నున్నగా అవుతుంది నిజమే, కానీ కనుబొమ్మలు కిందకి దిగి, రెప్పలు బరువెక్కి, పెళ్ళి ఫోటోల్లో నిద్రమొహంతో కనపడతారు, మందు దిగేదాకా నెలల తరబడి అలాగే ఉంటుంది. కాబట్టి నుదురు ముట్టుకోకూడదని అప్పుడే నిర్ణయించా. రెప్పలు వాలిన ప్రతి పేషెంట్‌నీ ఇంకో మాట కూడా అడుగుతా, సాయంత్రానికి రెప్పలు ఇంకా వాలిపోతాయా, ఒకటి రెండుగా కనపడుతుందా, నమలడం మింగడం కష్టమా అని. మయస్తీనియా గ్రావిస్ అనే నరాల కండరాల జబ్బు ఉంటే ఈ ఇంజెక్షన్ జోలికే వెళ్ళకూడదు. ఆవిడకి అవేవీ లేవు. అలాగే ప్రెగ్నెన్సీ, పాలిచ్చే తల్లులు, గుచ్చే చోట ఇన్‌ఫెక్షన్, కొన్ని రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తున్నప్పుడు, వీటన్నిటికీ వాయిదానే.

కూతుర్ని లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పా. ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్, దాని సంగతి ముందు తేల్చేశా. కనుబొమ్మల మధ్య ఫిల్లర్ నేను వెయ్యను. అక్కడి రక్తనాళాలు కంటిలోపలికి వెళ్ళే నాళంతో కలిసి ఉంటాయి, ఫిల్లర్ జెల్ పొరపాటున నాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు, మొహంలో ఫిల్లర్‌కి అత్యంత ప్రమాదమైన చోట్లలో అదొకటి. హయాల్యురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ని కరిగించే హయాల్యురోనిడేజ్ ఇంజెక్షన్ ఉంది, ఫిల్లర్ చేసే ప్రతి క్లినిక్‌లో అది చేతికందే చోట ఉండాలి, కానీ చూపు ఒకసారి పోయాక అది తిరిగి తెచ్చేది చాలా అరుదు. బొటాక్స్ ఫిల్లర్ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒకటి కండరాన్ని వదులు చేస్తుంది, ఇంకోటి చర్మం కింద నింపుతుంది, రిస్క్ రెండిటికీ ఒకలా ఉండదు.

అప్పుడు ఆవిడ మెల్లగా అడిగారు, "అది విషం అంటారు కదండీ, నిజమేనా?" నిజమే అని చెప్పా, దాయాల్సిన అవసరం లేదు. క్లాస్ట్రీడియం బోట్యులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే టాక్సిన్ అది, పాడైన ఆహారంలో ఎక్కువ మోతాదులో లోపలికి వెళితే ప్రాణం తీస్తుంది, దాన్నే శుద్ధి చేసి చాలా చాలా చిన్న డోసులో కండరంలోకి ఇస్తే నరం నుంచి కండరానికి సిగ్నల్ తీసుకెళ్ళే అసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా ఆపుతుంది, కండరం కొన్నాళ్ళు వదులవుతుంది. అమెరికాలో 1989లో దీనికి మొదటి అనుమతి వచ్చింది మెల్లకన్నుకి, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి. కెనడాలోని వాంకూవర్‌లో కంటి డాక్టర్ జీన్ కరుథర్స్ ఆ రెప్పల జబ్బుకి ఇంజెక్షన్లు ఇస్తుంటే కనుబొమ్మల మధ్య గీతలు తగ్గడం గమనించారు, ఆవిడా, స్కిన్ డాక్టర్ అయిన భర్త అలస్టెయిర్ కలిసి 1992లో దాన్ని పేపర్‌గా వేశారు, ఆ గీతలకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది 2002లో. లెక్కల టీచర్ కదా, సంవత్సరాలు వరసగా విని "అయితే మా వాడు పుట్టకముందు నుంచే ఉందన్నమాట" అన్నారు.

పెళ్ళికి ముందు చెయ్యొచ్చా అంటే టైమ్ ప్రకారం చెయ్యొచ్చు, ఇంజెక్షన్ ప్రభావం మూడు నాలుగు రోజుల్లో మొదలై రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, ఐదు వారాలు సరిపోతుంది. నేను ఫంక్షన్‌కి కనీసం నాలుగు వారాల ముందు అంటాను, మొదటిసారి వేయించుకునేవాళ్ళకైతే అది ఖచ్చితం, రెప్ప వాలడం లాంటిది జరిగితే తగ్గడానికి వారాలు పడుతుంది. కానీ ఈవిడ విషయంలో ఆగుదామన్నా. చిట్లించే కారణం ముందు తీసేద్దాం, అది తీశాక ఎంత మిగిలిందో చూద్దాం, మిగిలినదానికి ఇంజెక్షన్ కావాలో వద్దో మీరే చెప్పండి అన్నా. పైగా ఆవిడ ఇంకా భయపడుతున్నారు, ముహూర్తం దగ్గర పడుతోందని భయం తీరకుండా సంతకం పెట్టించడం నాకు ఇష్టం ఉండదు. కూతురు కాస్త నిరుత్సాహపడింది, తల్లి మొహంలో మాత్రం హమ్మయ్య అన్న రిలీఫ్ స్పష్టంగా కనపడింది.

ఆ రోజు ఇచ్చినవి ఇవే. కంటి డాక్టర్‌కి లెటర్, దగ్గర చూపు కోసం, రెప్పల బరువు కోసం. స్టెరాయిడ్ క్రీమ్ ఆపెయ్యమని. కొంచెం రంగు కలిసిన సన్‌స్క్రీన్, ఎందుకంటే మంగుకి మామూలు వెలుతురు కూడా శత్రువే, దాన్ని ఆపేది ఆ రంగులోని ఐరన్ ఆక్సైడ్. పొద్దున స్కూటీ ఎక్కేముందు, మధ్యాహ్నం లంచ్ తర్వాత మళ్ళీ. రాత్రి మాయిశ్చరైజర్, మంగు మీద అజెలాయిక్ యాసిడ్ క్రీమ్. ముడతలకి రాత్రిపూట రాసే ట్రెటినాయిన్ క్రీమ్ మాత్రం పెళ్ళయ్యాకే, మొదటి వారాల్లో అది మొహాన్ని ఎర్రగా చేసి పొట్టు లేపుతుంది, మన చర్మంలో ఎక్కడ మంట పుడితే అక్కడ నల్లబడుతుంది. పెళ్ళికి రెండు వారాల ముందు నుంచి బ్లీచ్, కొత్త ఫేషియల్, పీల్ ఏవీ వద్దని గట్టిగా చెప్పా.

సన్‌స్క్రీన్ మీద ఇంత పట్టు ఎందుకంటే, ముడతల విషయంలో దానికి ఉన్నంత రుజువు చాలా ఖరీదైన క్రీములకి లేదు. ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా మనుషుల్ని నాలుగున్నర ఏళ్ళు గమనించి 2013లో వేసిన స్టడీలో రోజూ రాసినవాళ్ళకి, ఇష్టమొచ్చినప్పుడు రాసినవాళ్ళకంటే చర్మం ముదరడం 24 శాతం తక్కువ. ఇంకోటి, 2012లో ఒక మెడికల్ జర్నల్లో వచ్చిన ఫోటో నేను పేషెంట్లకి చూపిస్తా, 28 ఏళ్ళు ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి, కిటికీ వైపు ఉన్న సగం మొహం మాత్రం లోతైన ముడతలతో రెండో సగం కంటే ఎంతో ముదిరిపోయి ఉంటుంది. కిటికీ అద్దం వేసున్నా ఎండలోని యూవీఏ కిరణాలు లోపలికి వస్తాయి. టీచర్ గారు ఆ ఫోటో చూసి, స్టాఫ్ రూమ్‌లో తను కూర్చునేది కిటికీ పక్కనే అని అప్పటికప్పుడు గుర్తుచేసుకున్నారు. మనవాళ్ళకి మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్ల చర్మం వాళ్ళకంటే ముడతలు ఆలస్యంగా వస్తాయి, మనకి ముందు వచ్చేది మచ్చలు, నల్లదనం, రంగు తేడా. అందుకే వెస్ట్రన్ వీడియోలు చూసి పాతికేళ్ళకే ఇంజెక్షన్ అనుకోవడం మనకి అస్సలు సరిపోదు.

కంటి డాక్టర్ ప్లస్ రెండు దాకా దగ్గర పవర్ రాశారు, ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరం దగ్గర రెండూ ఒకే అద్దంలో కనపడేవి. రెప్పలకి ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, చూపుకి అడ్డమైతే చూద్దామన్నారు. పెళ్ళి బాగా జరిగింది. మార్చిలో వచ్చినప్పుడు సాయంత్రం తలనొప్పి పోయిందన్నారు, మంగు కొద్దిగా తేలికైంది. అప్పుడు ట్రెటినాయిన్ 0.025 శాతం మొదలుపెట్టాం, శనగగింజంత మొహం మొత్తానికి, వారానికి రెండు రాత్రులతో మొదలై మెల్లగా పెంచుకుంటూ.

మే నెలలో, సెలవులు ఇచ్చాక, ఈసారి ఒక్కరే వచ్చారు. కాగితం చదవమన్నా, అద్దాలతో చదువుతుంటే కనుబొమ్మలు దగ్గరికి రావట్లేదు. అయినా ఆ నిలువు గీతలు వదులుగా ఉన్నప్పుడు సన్నగా ఉన్నాయి, ఏళ్ళ అలవాటు కదా బోర్డు దగ్గర ఆలోచించేటప్పుడు ఇంకా ముడుస్తూనే ఉన్నారట. "ఇప్పుడు నాకే వేయించుకోవాలని ఉందండీ, ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఖర్చు ఎంత, ఎన్నాళ్ళు ఉంటుంది, మళ్ళీ వేయించుకోకపోతే ముందుకంటే ఎక్కువ అవుతుందా అని మూడు ప్రశ్నలు రాసుకొచ్చారు. మూడు నాలుగు నెలలు ఉంటుంది, మానేస్తే పాత స్థితికి వస్తుంది అంతే, ఎక్కువేం కాదు. ఖర్చు యూనిట్ల లెక్క కాబట్టి ఎన్ని యూనిట్లు, ఏ కంపెనీ మందు అని బిల్లులో రాయించుకోవాలి, ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు, ఇది తెలియక రేట్లు పోల్చి మోసపోతుంటారు.

ఇలా కారణం వెతికి, ఉన్నది సరిచేసి, అయినా మిగిలిన గీత మనిషిని ఇబ్బంది పెడుతుంటే, ఆ గీత కండరం వల్ల వచ్చిందే అయితే, మందుతో ఎంత వస్తుందో ఎంత రాదో తెలిసి కూడా తనకై తాను కావాలంటే, అప్పుడు వేస్తా. ఆవిడకి ఇవన్నీ కుదిరాయి.

వయల్, అంటే మందు సీసా, ఆవిడ ముందే ఓపెన్ చేశా. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల ఫ్రిజ్‌లోంచి తీసిన 100 యూనిట్ల వయల్, ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబర్ ఆవిడకి చూపించి స్టిక్కర్ ఫైల్లో అంటించా. సూది గుచ్చగానే వయల్ లోపలి వాక్యూమ్ సెలైన్‌ని దానంతట అదే లాక్కోవాలి, లాక్కోకపోతే ఆ వయల్ పక్కన పడెయ్యాలి. ఇది పేషెంట్లు కూడా గమనించగలరు, అడగండి, చూపించమనండి. 2024లో అమెరికాలోనే నకిలీ బొటాక్స్ గురించి ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇవ్వాల్సొచ్చింది, కాబట్టి పార్లర్లో, ఎవరింట్లోనో పదిమంది కూడి ఒక వయల్ పంచుకునే చోట దయచేసి వేయించుకోకండి. వేసేది ఎవరు, వాళ్ళ డిగ్రీ ఏంటి, తేడా వస్తే ఎవరు చూస్తారు, ఈ మూడూ ముందే తేల్చుకోవాలి.

రెండున్నర ఎంఎల్ సెలైన్‌తో కలిపి, కోపంగా చూడమని కండరం ఎక్కడ ఉబ్బుతుందో మార్క్ చేసుకుని ఐదు చోట్ల, చోటుకి నాలుగు యూనిట్లు, మొత్తం 20. పక్క పాయింట్లు కంటి గూడు ఎముక అంచుకి ఒక సెంటీమీటర్ పైనే, మందు కిందకి జారి రెప్పని ఎత్తే కండరాన్ని తాకకుండా. నుదురు ముట్టుకోలేదు, కళ్ళ పక్కన కూడా ముట్టుకోలేదు. నాలుగు గంటలు పడుకోవద్దని, ఆ చోటు రుద్దొద్దని, ఆ రోజు బొట్టు బిళ్ళ గట్టిగా ఒత్తి పెట్టుకోవద్దని చెప్పా. రెప్ప వాలినా, మింగడం, మాట, ఊపిరి ఏదైనా తేడాగా అనిపించినా వెంటనే ఫోన్ చెయ్యమని నంబర్ ఇచ్చా.

మర్నాడు కొద్దిగా తలనొప్పి వస్తే పారాసెటమాల్ వేసుకున్నారు, ఎడమవైపు చిన్న నీలం మచ్చ వారంలో పోయింది. రెండు వారాలకి చూస్తే కోపంగా చూడమన్నా కనుబొమ్మలు దగ్గరికి రావట్లేదు, ఎడమవైపు ఇసుమంత కదలిక మిగిలింది, దానికి టచప్ వెయ్యలేదు, అక్కర్లేదు, మూడు నెలల లోపు మళ్ళీ మళ్ళీ గుచ్చితే శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుని మందు పనిచెయ్యకపోయే అవకాశం పెరుగుతుంది. రెప్పలు బాగున్నాయి. వదులుగా ఉన్నప్పటి గీతలు బాగా తేలికయ్యాయి గానీ దగ్గరగా చూస్తే సన్నగా ఉన్నాయి, అది ముందే చెప్పాను కాబట్టి ఆవిడ నిరాశపడలేదు. స్కూళ్ళు తెరిచాక ఫోన్ చేసి, తొమ్మిదో తరగతి పిల్లలు మళ్ళీ టేబుల్ చుట్టూ మూగుతున్నారని చెప్పారు, నాకు చాలా సంతోషం వేసింది.

సెప్టెంబర్లో కదలిక మెల్లగా తిరిగొచ్చింది. రిపీట్ చెయ్యాలా అంటే మీ ఇష్టం, తొందరేం లేదన్నా, అద్దాలు ఉన్నాయి కాబట్టి గీత పాతంత లోతుకి వెళ్ళడానికి టైమ్ పడుతుంది. వేసవి సెలవుల దాకా చూస్తానన్నారు. ట్రెటినాయిన్ వారానికి ఐదు రాత్రులకి వచ్చింది, సన్‌స్క్రీన్ మానలేదు.

ఈసారి కూతురు మళ్ళీ వెంట వచ్చింది, తన కోసం. 24 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ముందుజాగ్రత్తగా బేబీ బొటాక్స్, అంటే తక్కువ డోసు బొటాక్స్, వేయించుకోనా అని. కదిలిస్తే తప్ప గీత లేదు, కదిలించినా లోతు లేదు, ఉన్నవల్లా మొటిమలు, వాటి మచ్చలు. ఇంజెక్షన్ వెయ్యలేదు. రాత్రి మొటిమలకి రాసే అడాపలీన్, పగలు సన్‌స్క్రీన్ రాసిచ్చి, స్క్రీన్ ముందు తను కూడా కళ్ళు చిట్లిస్తోంది కాబట్టి ఒకసారి కంటి పరీక్ష చేయించుకోమని పంపించా.